మాట్లాడగలిగినంత వేగం

అరవై మూడేళ్ల వయసులో నాకు నా భార్య నడక మీద అసూయ పుట్టింది. ఆమె నడుస్తూ మాట్లాడేది, మాట్లాడుతూ నవ్వేది, అదీ నాతో కాదు. వేప చెట్టు కింద బల్ల మీద కూర్చుని నేను చూస్తూ ఉండేవాడిని. చూసినంతసేపూ కడుపులో ఎవరో ఎండుమిరపకాయలు నూరుతున్నట్టు ఉండేది. చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది. కానీ దాచిపెట్టి నేను బాగుపడింది ఏమీ లేదు, అందుకే చెబుతున్నాను.

మాది గోదావరిఖని. ముప్పై నాలుగేళ్లు బొగ్గుబాయిలో ఫిల్లర్‌గా చేశాను. పేల్చిన బొగ్గును తట్టలకెత్తి పట్టాల మీది టబ్బులు నింపడం నా పని. రిటైరయ్యాక క్వార్టర్ ఖాళీ చేసి, రేకుల వసారా ఉన్న రెండు గదుల ఇంట్లో చేరాం. నాకూ నా భార్యకూ హెచ్‌ఐవి ఉంది. పద్దెనిమిదేళ్ల కిందట నాకు టీబీ వచ్చి దవాఖానలో చేరినప్పుడు అది బయటపడింది. వారం తర్వాత ఆమెకూ పరీక్ష చేశారు. ఆమెకు నా నుంచే వచ్చింది, అందులో అనుమానం లేదు. ఆ రోజు ఆమె ఒక్కటే అడిగింది, నీకు ఎట్ల వచ్చింది అని. బాయిలో కప్పు కూలి చెయ్యి విరిగినప్పుడు వేసిన సూదుల వల్ల వచ్చిందట అని చెప్పాను. అది అబద్ధం. జీతాల రోజుల్లో నేను ఎక్కడెక్కడ తిరిగానో నాకు తెలుసు. ఆమె తల ఊపి, గ్లాసులో పాలు పోసి నా చేతికి ఇచ్చింది. ఆ తర్వాత మళ్లీ అడగలేదు. తేలు కుట్టిన దొంగలాగా నేనూ నోరు మూసుకున్నాను.

అప్పటి నుంచి మా ఇంట్లో కొట్లాట లేదు, మాటా లేదు. బువ్వ తిను, గోలీ ఏసుకున్నవా, నల్లా వచ్చింది. రోజుకు ఈ మూడు మాటలతో సంసారం నడిచిపోయింది. బాయి మనిషికి మాటలెందుకని నన్ను నేను సమర్థించుకునేవాడిని. లోపల నడిచేటప్పుడు మాట్లాడవద్దు, కప్పు చిటపటలాడితే వినపడాలి. నేను బాయి దిగిన మొదటి రోజు మా పని చూసే సర్దార్ చెప్పిన మొదటి మాట అదే. నేను దాన్ని ఇంటికి కూడా తెచ్చుకున్నాను.

మందుల కోసం మొదట్లో మంచిర్యాల పోయేవాళ్లం, ఇక్కడైతే తెలిసినవాళ్లు కనబడతారని. గోదావరి వంతెన దాటి బస్సులో వచ్చేటప్పుడు ఆమె సంచిలో మందు డబ్బాల మీద వంకాయలు పోసేది. కొన్నేళ్లకు మోకాళ్ల నొప్పులు సిగ్గును గెలిచాయి, ఇక్కడికే మార్పించుకున్నాం. మందులు బాగానే పనిచేశాయి. జబ్బు రక్తంలో కనబడనంతగా అణిగిపోయిందని డాక్టరు చెప్పాడు. అయితే ఇంకో మాట కూడా చెప్పాడు. ఈ జబ్బుతో యాభై దాటినవాళ్లకు గుండె, ఎముకలు, కండలు అందరికంటే ముందే ముసలివవుతాయట. మీరు ఇక ఈ జబ్బుతో చచ్చిపోరు, గుండెను చూసుకోకపోతే దానితో పోతరు, నడువుండ్రి అన్నాడు.

అలా మొదలైంది ఆ క్లాసు. దవాఖాన వెనక పాత సైకిల్ స్టాండు పక్కన ఖాళీ జాగా ఉంది. వారానికి మూడు రోజులు, ఎండ రాకముందే. రామగుండం ఎండలకు ఏడు దాటితే మనిషి అప్పడమైపోతాడు, అందుకని ఎండాకాలంలో ఐదున్నరకే రమ్మనేవారు. నేర్పించే అమ్మాయి ఫిజియోథెరపీ చదివింది. మా అందరినీ కాకా, పెద్దమ్మా అని పిలిచేది. మొదట చేతులూ కాళ్లూ కదిలించడం, తర్వాత నిలుచున్న చోటే అడుగులు వేయడం, చెక్క పీట ఎక్కి దిగడం, ఆ తర్వాత జాగా చుట్టూ జోరుగా రౌండ్లు, చివర మెల్లగా నడిచి చల్లబడటం. ఊర్లో మాత్రం దాని పేరు షుగరోళ్ల క్లాసు. నిజంగా షుగరున్న మా వదిన నేనూ వస్తానని తయారైతే, అక్కడ రోజూ సూదులు పొడుస్తరు అని నా భార్య భయపెట్టి ఆపింది. సూది అన్నప్పుడు ఆమె నా వైపు చూసిందో లేదో నాకు తెలియదు, నేను తల వంచుకుని చెప్పు వారు సరిచేసుకుంటున్నాను.

క్లాసులో ఒక నియమం ఉంది. ఇద్దరిద్దరు జతగా నడవాలి, నడుస్తూ మాట్లాడుకోవాలి. మాట్లాడగలిగితే వేగం సరిపోయినట్టు. పాట పాడగలిగితే చాలనట్టు, ఇంకా జోరుగా నడవాలి. మాట రాకపోతే మితిమీరినట్టు, తగ్గించాలి. గుండెను కొలవడానికి గడియారం కంటే నోరే నయం అని ఆ అమ్మాయి చెప్పేది.

ఇక్కడే నేను మా జాతి బుద్ధి చూపించాను. బాయి మనిషికి మస్టర్ పడితే సగం డ్యూటీ అయిపోయినట్టే. హాజరు వేయించుకుని ఏ మూలనో కునుకు తీసి షిఫ్టు దాటించే ఉపాయాలు మాకు పుట్టుకతో వచ్చాయి. క్లాసులోనూ హాజరు పుస్తకం ఉండేది. మొదటి రోజే సంతకం పెట్టి, మోకాలు పట్టుకుని మూలిగి, వేప చెట్టు కింద కూర్చున్నాను. రెండో రోజూ అంతే. ఎవరి కోసం ఈ దొంగ హాజరు, జీతమిచ్చేదెవరు అని నాకు తట్టనే లేదు. నేను కూర్చోవడంతో నా భార్య ఒంటరిదైంది. జత లేని ఇంకో మనిషి కూడా ఉన్నాడు. ఆ అమ్మాయి ఇద్దరినీ కలిపేసింది.

ఆయన కోస్తా నుంచి ఎప్పుడో యువకుడిగా వచ్చి ఇక్కడే ఓవర్‌మన్‌గా రిటైరైనవాడు. అంటే మా మీద పెత్తనం చేసే రకం. నా బాయిలో కాదు గానీ, ఓవర్‌మన్‌ను చూస్తే నాకు ఇప్పటికీ వీపు బిగుసుకుంటుంది. భార్య పోయింది, ఒక్కడే ఉంటాడు. తెల్ల కాన్వాస్ బూట్లు, మడత నలగని చొక్కా, ప్రతి మాటకూ అండి. నా భార్యను మీరు అనేవాడు. పుట్టి యాభై ఎనిమిదేళ్లయినా ఆమెను ఎవరూ మీరు అని ఉండరు. నేనైతే ఏమే అని తప్ప పిలిచి ఎరుగను. ఆయన మీరు అన్నప్పుడల్లా ఆమె మెడ నిటారుగా నిలబడేది. నేను బల్ల మీద నుంచి కూడా అది చూడగలిగాను.

మూడు వారాలు తిరిగేసరికి ఆమె మనిషి మారింది. పీట మీద చెయ్యి ఆనించకుండా ఎక్కి దిగుతోంది. ఇంట్లో నీళ్ల బిందె ఎత్తి ఆయాసపడటం లేదు. ఒకరోజు బూట్లు కొనుక్కుంటానని నాకు చెప్పింది. అడగలేదు, చెప్పింది. జీవితమంతా హవాయి చెప్పులతో నడిచిన మనిషి మార్కెట్లో తెల్ల బూట్లు కొనుక్కొచ్చి, తడి గుడ్డతో తుడిచి గడప దగ్గర పెట్టింది. ఆయనవి తెల్లవే కదా అన్నాను. అవి మగోళ్లయి, ఇవి ఆడోళ్లయి అని లోపలికి పోయింది.

ఎప్పుడు తిరిగొస్తుందో, ఎంత నవ్విందో, చెమట తుడుచుకునేటప్పుడు కొంగు ఎటు జారిందో, అన్నీ నా కళ్లు లెక్కపెట్టేవి. అనుమానించే హక్కు నాకు లేదని తెలుసు. ఇంటికి జబ్బు తెచ్చిన మొగుడు భార్య మరొకడితో మాట్లాడితే మండిపడటం ఎంత చెడ్డ వేషమో నాకు తెలుసు. తెలిసినా ఒళ్లు మండటం ఆగలేదు. అసలు నన్ను కాల్చింది ఆ మగవాడు కాదు, ఆ మాటలు. పద్దెనిమిదేళ్లుగా నాకు రోజుకు మూడు మాటలు విదిల్చిన మనిషి ఆయనకు పాతిక నిమిషాలు ఏకధాటిగా ఏం చెబుతుంది? ఈ లెక్కన ఇంకొన్నాళ్లకు ఆ మూడు మాటలూ నాకు మిగలవని భయం పట్టుకుంది. ఒకరోజు అడిగేశాను.

"గంతసేపు ఏం ముచ్చట పెడుతవు ఆయనతోని?"

"నడిచినంతసేపు" అంది.

ఎంతసేపని కాదు, ఏం ముచ్చటని అడిగాను. ఆమెకు అది తెలుసు, నాకూ తెలుసు. ఆయన నన్ను చెల్లెమ్మా అంటడు, నీకేం ఫికర్ వద్దు అని మాత్రం కలిపింది. చెల్లెమ్మ అంటే నాకు నిప్పు మీద నెయ్యి పోసినట్టయింది. అంటే ఆ ఓవర్‌మన్ నాకు బావమరిది కూడా అయ్యాడన్నమాట.

రెండు నెలలకు పరీక్ష పెట్టారు. ఆరు నిమిషాల్లో ఎవరు ఎంత దూరం నడుస్తారని. క్లాసులో చేర్చుకునే ముందు పెట్టిన పరీక్షలో నేను ఆమె కంటే ఒక రౌండు ముందున్నాను. ఈసారి ఆమె నన్ను దాటడమే కాదు, రెండోసారి వెనక నుంచి వచ్చి పక్క నుంచి పోతూ, జరుగు జరుగు అంది. అందరూ నవ్వారు. ఆ నవ్వులో అండి గారి నవ్వు నాకు వేరుగా వినబడింది.

ఆ సాయంత్రం అటక మీద నుంచి అట్టపెట్టె దించాను. రిటైరయ్యే ముందు కంపెనీ ఇచ్చిన బాయి బూట్లు, ముందు ఇనుప టోపీ ఉన్నవి, ఒక్కసారి కూడా తొడగనివి. మావాళ్లంతా అలాంటి జత ఒకటి దాచుకుంటారు, ఎందుకో ఎవరికీ తెలియదు. కాన్వాస్ బూట్లు ఓవర్‌మన్‌లకు, ఫిల్లర్‌కు ఇవి చాలు అనుకున్నాను. మరుసటి క్లాసులో వాటిని తొడుక్కుని దిగాను. కసరత్తు మానేసి నేరుగా రౌండ్లకే పోయాను. ఒక్కో రౌండు ఒక్కో టబ్బు. పాత రోజుల్లో పక్కవాడి కంటే ఒక టబ్బు ఎక్కువ నింపితేనే నాకు అన్నం దిగేది. ఆయనను దాటాను. నా భార్యను దాటాను. ఆ అమ్మాయి అడ్డం వచ్చి, కాకా, ఏదన్న ఒక మాట మాట్లాడు అంది. నోరు తెరిస్తే గాలి తప్ప ఏమీ రాలేదు. చెయ్యి ఊపి ముందుకు పోయాను. పదకొండో రౌండులో కళ్ల ముందు బాయి చీకటి కనబడింది. సైకిల్ స్టాండు స్తంభం పట్టుకుని జారి కూర్చున్నాను. నీళ్లు తెచ్చి పట్టింది ఓవర్‌మనే. బూట్లు మంచివి కావు అన్నాను, ఆడలేక మద్దెల ఓడు అన్నట్టు.

బూట్లు మంచివి కావన్న మాట మాత్రం నిజమైంది. పాత మందుల వల్ల నా పాదాలకు ఎప్పటి నుంచో స్పర్శ తక్కువ. ఇంటికి వచ్చి విప్పితే సాక్స్ ఎర్రగా తడిసి ఉన్నాయి. రెండు మడమల తోలూ లేచిపోయింది. నా భార్య పీట వేసుకుని కూర్చుని, నా కాలు తన ఒళ్లో పెట్టుకుని కడిగింది.

"నొప్పి తెల్వలేదా?"

తెలియలేదన్నాను. ఆమె మడమలకు కట్టు కట్టి లేచింది. పుండు ముదిరింది. మూడు వారాలు గడప దాటవద్దన్నాడు డాక్టరు.

ఆ మూడు వారాలు నాకు శిక్ష. వసారాలో మంచం మీద పడుకునేవాడిని. ఆమె చీకటితోనే నాకు చాయ్ పెట్టిచ్చి, తెల్ల బూట్లు తొడుక్కుని పోయేది. ఇప్పుడు నా కళ్ల ముందు కూడా కాదు. ఏ రౌండులో ఉంటారో, ఏ మాట దగ్గర నవ్వుతారో ఊహించుకోవడమే నా పని. ఓసీపీ నుంచి, అంటే నేలను పైనుంచే తవ్వే బొగ్గు గని నుంచి వచ్చే దుమ్ము ఎదురింటి జామ ఆకుల మీద పేరుకుంటే, దాన్ని చూస్తూ ఎన్ని వందల రౌండ్లు నా బుర్రలో వాళ్లను తిప్పానో. ఆమె చెమటతో, ఎర్రబడ్డ ముఖంతో తిరిగొచ్చేది. ఆ ముఖం అంత బాగుండటం నాకు నచ్చేది కాదు.

రెండో వారంలో ఒక సాయంత్రం ఓవర్‌మన్ మా ఇంటికి వచ్చాడు. చేతిలో బత్తాయి పళ్ల సంచి. నా భార్య పాలకు పోయింది. లోపలికి రమ్మనకముందే, ఏం బావగారూ, కాలెలా ఉందండి అని కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. బాగానే ఉంది అన్నాను, తొందరగా పొమ్మన్న అర్థం వచ్చేలా. ఆయన పోలేదు. బత్తాయి సంచి ముడి విప్పుతూ, మళ్లీ వేస్తూ కూర్చున్నాడు. చివరికి నేనే ఉండబట్టలేక, మా ఆడమనిషి నీతో చాలా ముచ్చట పెడుతదట కదా అన్నాను.

ఆయన నా వంక చూశాడు. "ఆవిడ మాట్లాడేది చాలా తక్కువండి. నాతోనే మాట్లాడిస్తారు."

ఏమని అని అడిగాను.

"మా ఆవిడకి నేను నిజం ఎలా చెప్పానో అడుగుతారండి. రోజూ అదే. ఎక్కడ కూర్చుని చెప్పాను, మొదటి మాట ఏమన్నాను, అప్పుడు మా ఆవిడ ఏం చేసింది. చెప్పిందే చెప్పించుకుంటారు."

ఆయన తన కథ కొంచెం చెప్పాడు. ఆయనా నాలాగే ఇంటికి తెచ్చినవాడే. భార్య పరీక్ష కాగితం రాకముందే ఆమెను కూర్చోబెట్టి, తప్పు నాది, బయట తిరిగి తెచ్చాను అన్నాడట. ఆమె నెల రోజులు మాట్లాడలేదట. తర్వాత ఒకరోజు, కంచంలో పెరుగు వడ్డిస్తూ, చెప్పకుండా ఉంటే కుమిలి చచ్చిపోయేదాన్ని అందట. పెరుగు దగ్గరికి వచ్చేసరికి చెల్లెమ్మ నవ్వుతారండి, రోజూ అక్కడే, అన్నాడు. నా భార్య వచ్చేలోపు లేచి పోయాడు.

నేను గుమ్మడికాయల దొంగలాగా భుజాలు తడుముకుంటూ మంచం మీద కూర్చుండిపోయాను. ఇన్నాళ్లూ ఆమె ఆయనకు ఏం చెబుతోందో అని కాలిపోయాను. ఆమె ఏమీ చెప్పడం లేదు, వింటోంది. తన మొగుడు చెప్పని మాటను ఇంకొకరి మొగుడి నోట, వారానికి మూడు రోజులు, నడుస్తూ వింటోంది. సూది కథను ఆమె ఒక్కనాడూ నమ్మలేదు. నాకు అంతకుముందు ఆయన మాటల మీద అసూయ, ఇప్పుడు ఆయన ధైర్యం మీద పుట్టింది. ఇదే ఎక్కువ మంట.

ఆమె పాలు తెచ్చింది. బత్తాయిలు చూసి, సారు వచ్చిండా అంది. వచ్చిండు అన్నాను. చెప్పాల్సింది నాలుక మీదికి వచ్చి, బువ్వ అయిందా అన్న ప్రశ్నగా మారి బయటపడింది. ఆ తర్వాత ఇంకో పది రోజులు ఇంట్లో నేను నోరు తెరిచినప్పుడల్లా అదే జరిగింది.

కట్టు విప్పిన తర్వాత మొదటి క్లాసు రోజు గడప దగ్గర రెండు జతల తెల్ల బూట్లు ఉన్నాయి. నా కొలత ఆమెకు ఎవరు చెప్పారో, ఎప్పుడు తెచ్చిందో తెలియదు. బాయి బూట్లు అటక మీదికి పోయాయి. తొడుక్కోబోతుంటే ఆపి, నా మడమలకు గుడ్డ చుట్టింది.

నేను ఆ రోజు హాజరు పుస్తకంలో సంతకం పెట్టడమే మర్చిపోయాను. ఆ అమ్మాయి నన్ను మెల్లగా నడిచే వరుసలో నిలబెట్టింది. ఓవర్‌మన్ జోరు వరుసలో జత కోసం చూస్తున్నాడు. నా భార్య ఆయన దగ్గరికి పోలేదు, వచ్చి నా పక్కన నిలబడింది. ఈ వేగం నీకు చాలదు పెద్దమ్మా అని ఆ అమ్మాయి అంటే, ఇయ్యాల్టికి చాలు అంది.

మొదటి రౌండు ఇద్దరం మాట్లాడలేదు. రెండో రౌండులో ఆ అమ్మాయి దూరం నుంచి, కాకా, నీ మాట ఇనబడుతలేదు అని అరిచింది. ఓవర్‌మన్ మా పక్క నుంచి దాటిపోయాడు, మా వైపు చూడలేదు. కప్పు చిటపటలాడుతుందేమోనని చెవులు రిక్కించి నడిచే ఆ పాత అలవాటు నాలో ఇంకా ఉంది. అయినా నోరు తెరిచాను.

"సూది కాదే" అన్నాను. "సూదితోని రాలేదు."

ఆమె అడుగు తప్పలేదు. చెయ్యి ఊపడం ఆపలేదు. సైకిల్ స్టాండు మలుపు తిరిగాం. నాకు ఆయాసం వచ్చింది, మెల్లగా నడిచే వరుసలో ఎవరికీ రానంత ఆయాసం. ఆమె అది చూసి తన అడుగు తగ్గించింది.

"ఆ సారు నాలుగు రౌండ్లల్ల చెప్పిండు" అంది. "నీకు దమ్ము ఆడుతలేదు. నిమ్మలంగ చెప్పు, నేను యాడికి పోత?"

ఆ మాటకు నా కళ్లలో నీళ్లు తిరిగాయి. అప్పుడు కూడా ఆ నాలుగు రౌండ్ల లెక్క నాకు గుచ్చుకుంది. జీతాల రోజుల నుంచి మొదలుపెట్టాను. చెబుతూ, ఆగుతూ, మళ్లీ చెబుతూ ఆ రోజు ఏడు రౌండ్లు నడిచాం. ఆయన కంటే మూడు ఎక్కువ.